చికాగోలో తుపాకీ హింస: ధోరణిని పసిగట్టే కొలమానాలపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

కొత్త సంవత్సరం మొదలవగానే చికాగో పోలీసు శాఖ గడిచిన ఏడాది హత్యల సంఖ్యను ప్రకటిస్తుంది. ఆ సంఖ్య పెరిగితే మేయర్‌ను నిందిస్తారు, తగ్గితే మెచ్చుకుంటారు. నగరంలో తుపాకీ హింస పెరుగుతోందా, తగ్గుతోందా అన్న ప్రశ్నకు ఈ ఒక్క సంఖ్య సరైన జవాబు ఇవ్వదని ఈ వ్యాసం ప్రతిపాదన. తూటా తగిలిన ప్రతి మనిషినీ లెక్కలోకి తీసుకుని, ఆ లెక్కను పేటల వారీగా, కొన్నేళ్ల వరసలో చదివినప్పుడే ధోరణి తెలుస్తుంది.

ఈ ప్రశ్న తెలుగువారికి దూరమైనది కాదు. చదువుకోవడానికి చికాగో వెళ్లిన మన పిల్లల్లో కొందరు ఇటీవలి సంవత్సరాల్లో దోపిడీ దొంగల కాల్పులకు బలయ్యారు.

ఆధారాలు, వాటి పరిధి

చికాగో నగరపాలక సంస్థ 2001 నుంచి నమోదైన నేరాల వివరాలను అందరికీ అందుబాటులో ఉంచింది. చివరి ఏడు రోజుల వివరాలు మాత్రం అందులో ఉండవు. బాధితుల గోప్యత కోసం ఇంటి నంబరు చూపకుండా వీధి భాగం వరకే ఇస్తారు. హతులు, క్షతగాత్రుల పట్టిక వేరుగా ఉంది. అందులో హత్యలు 1991 నుంచి, ప్రాణాపాయం తప్పిన కాల్పులు 2010 నుంచి ఉన్నాయి.

లెక్క ఎవరు కడుతున్నారన్నది ముఖ్యం. నగరం గుండా వెళ్లే ఎక్స్‌ప్రెస్‌వేల మీద జరిగే కాల్పుల దర్యాప్తు ఇల్లినాయ్ రాష్ట్ర పోలీసులది. చికాగో పోలీసులు ఏటా ప్రకటించే మొత్తంలో అవి కలవవు. ఆత్మరక్షణ కోసం చేసినదిగా తేలిన హత్య కూడా వారి లెక్కలో చేరదు. కుక్ కౌంటీ వైద్య పరీక్షాధికారి మాత్రం సాటి మనిషి చేతిలో జరిగిన ప్రతి మరణాన్నీ నమోదు చేస్తారు. ఒక ఏడాది గాయపడిన మనిషి నెలల తర్వాత ఆసుపత్రిలో చనిపోతే పాత సంఖ్యలు మారతాయి. కాబట్టి వేర్వేరు వనరుల నుంచి తెచ్చిన సంఖ్యలను పక్కపక్కన పెట్టి పోల్చడం పొరపాటు.

ఏడాదికీ ఏడాదికీ మధ్య తేడా

1974లో చికాగోలో 970 హత్యలు జరిగాయి, 1992లో 943. సంఖ్య తగ్గినట్టే కనిపిస్తుంది. కానీ ఆ మధ్యకాలంలో నగర జనాభా కూడా తగ్గింది. లక్ష మందికి లెక్కిస్తే 1974లో సుమారు 30, 1992లో సుమారు 34. జనాభా నిష్పత్తిలో చూస్తే 1992 మరింత చెడ్డ సంవత్సరం.

ఇటీవలి సంఖ్యలు చూద్దాం. పోలీసు శాఖ ఆయా ఏళ్ల చివర ప్రకటించిన ప్రకారం హత్యలు 2021లో 797, 2022లో 695, 2023లో 617, 2024లో 573. చివరి రెండేళ్ల తేడా 44. ఇంత పెద్ద సంఖ్యలు యాదృచ్ఛికంగానే కొంత అటూ ఇటూ ఊగుతాయి. పాయిజాన్ సూత్రం ప్రకారం ఈ రెండు సంఖ్యల తేడాకు ప్రమాణ విచలనం సుమారు 35. యాదృచ్ఛిక హద్దుగా సాధారణంగా తీసుకునేది దీనికి రెట్టింపు, అంటే 44 తగ్గడం ఒక్కటే చూస్తే ఆ హద్దు దాటలేదు. కాల్పులు ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి కనుక నిజమైన ఊగిసలాట ఇంకా ఎక్కువే ఉంటుంది. అయితే 797 నుంచి 573 వరకు మూడేళ్లపాటు వరసగా సాగిన తగ్గుదలను యాదృచ్ఛికమని కొట్టిపారేయలేం. అది ధోరణే.

దీనికి భిన్నమైన ఉదాహరణ 2016. చికాగో విశ్వవిద్యాలయపు క్రైమ్ ల్యాబ్ నివేదిక ప్రకారం హత్యలు 485 నుంచి ఒక్కసారిగా 764కు చేరాయి. ఇది 58 శాతం పెరుగుదల, పైన చెప్పిన ప్రమాణ విచలనానికి సుమారు ఎనిమిది రెట్లు. దీన్ని గుర్తించడానికి మరో ఏడాది ఆగనక్కర్లేదు. కారణం విషయంలో మాత్రం ఆ నివేదిక నిజాయితీగా వ్యవహరించింది. ఏ ఒక్క కారణమూ ఈ పెరుగుదలను పూర్తిగా వివరించలేదని తేల్చింది.

గాయపడినవారిని ఎందుకు లెక్కించాలి?

తూటా తగిలినవారిలో ఎక్కువమంది బతుకుతారు. ఎవరు బతుకుతారన్నది తూటా ఎక్కడ తగిలింది, ఎన్ని తగిలాయి, తీవ్ర గాయాలకు చికిత్స చేసే ట్రామా కేంద్రం ఎంత దూరంలో ఉంది అన్నవాటిని బట్టి ఉంటుంది. ట్రామా కేంద్రానికి అయిదు మైళ్లకు మించిన దూరంలో కాల్పులకు గురైనవారిలో మరణాలు ఎక్కువని చికాగో వివరాలతో 2013లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. కాల్పులు తీవ్రంగా ఉండే దక్షిణ భాగంలో చికాగో విశ్వవిద్యాలయ ఆసుపత్రి 1988లో వయోజనుల ట్రామా సేవలను ఆపేసింది. స్థానిక యువకులు ఏళ్ల తరబడి ఆందోళన చేశాక 2018 మేలో వాటిని తిరిగి ప్రారంభించింది. ఒక ఆసుపత్రి తెరిచినా మూసినా హత్యల సంఖ్య మారవచ్చు, తుపాకులు పేలడం ఏమాత్రం మారకపోయినా.

మారుతున్న ఆయుధాలు రెండో కారణం. పిస్తోలును యంత్ర తుపాకీలా మార్చే చిన్న పరికరాలు వీధుల్లోకి వచ్చాయి. వాటి విషయంలోనే నగరం 2024లో గ్లాక్ కంపెనీపై దావా వేసింది. కాల్పుల ఘటనలు తగ్గుతూ, ఒక్కో ఘటనలో ప్రాణనష్టం పెరగడం సాధ్యమే. మరణాలు మాత్రమే చూసేవారికి ఈ రెండు మార్పులూ కలగలిసి కనిపిస్తాయి.

గాయపడినవారి విషయంలో న్యాయం కూడా అందడం లేదు. 2016లో హత్య కేసుల్లో 26 శాతం, ప్రాణాపాయం తప్పిన కాల్పుల కేసుల్లో కేవలం 5 శాతం ఛేదించారు. నిందితుడు దొరకని కేసు పగకు, ప్రతీకారానికి దారి తీస్తుంది.

పేటలు, పరిచయాలు

నగరాన్ని 77 పేటలుగా విభజించి చూడటం 1920లలో అక్కడి సామాజిక శాస్త్రవేత్తలు మొదలుపెట్టిన పద్ధతి. వెస్ట్ గార్ఫీల్డ్ పార్క్, ఇంగిల్‌వుడ్, నార్త్ లాండేల్ వంటి పశ్చిమ, దక్షిణ పేటలు దశాబ్దాలుగా తుపాకీ హింస భారం మోస్తున్నాయి. హతుల్లో నాలుగింట మూడు వంతుల దాకా నల్లజాతీయులే, నగర జనాభాలో వారు మూడో వంతు కూడా లేరు. నగర సగటు ఈ అన్యాయాన్ని కప్పిపెడుతుంది.

సామాజిక శాస్త్రవేత్త ఆండ్రూ పాపాక్రిస్టోస్, ఆయన సహచరులు మరింత లోతుకు వెళ్లారు. కలిసి అరెస్టయినవారి పరిచయాల వలను గీసి చూస్తే, ప్రాణాపాయం తప్పిన బాధితుల్లో 70 శాతం నగర జనాభాలో 6 శాతం కంటే తక్కువ మంది ఉన్న వలల్లోనివారే. అలాంటి వలల్లో 2006–2014 మధ్య జరిగిన 11,123 కాల్పుల ఘటనల్లో 63 శాతం అంటువ్యాధిలా మనిషి నుంచి మనిషికి పాకినవని 2017లో తేల్చారు.

అయితే ఈ జ్ఞానాన్ని మనుషులపై ముద్ర వేయడానికి వాడితే హాని జరుగుతుంది. కాల్పుల్లో చిక్కుకోగల వ్యక్తులకు మార్కులు వేసిన పోలీసు జాబితాను విమర్శల మధ్య 2019లో ఆపేశారు. యంత్రాల లెక్క విషయంలోనూ జాగ్రత్త అవసరం. తుపాకీ శబ్దాన్ని పసిగట్టే షాట్‌స్పాటర్ యంత్రాలు 2020 జనవరి నుంచి 2021 మే వరకు ఇచ్చిన 50,176 హెచ్చరికల్లో తుపాకీ నేరానికి ఆధారం దొరికినవి 9.1 శాతమేనని నగర ఇన్‌స్పెక్టర్ జనరల్ తేల్చారు. 2024 సెప్టెంబరులో ఆ వ్యవస్థను తొలగించారు. హెచ్చరికల సంఖ్యను కాల్పుల సంఖ్యగా చదవకూడదని ఈ అనుభవం నేర్పింది.

ముగింపు

ఈ పరిశీలన నుంచి నాలుగు సూచనలు వస్తున్నాయి. హతులను, క్షతగాత్రులను కలిపి బాధితుల సంఖ్యను ప్రధాన కొలమానంగా తీసుకోవాలి. జనాభా నిష్పత్తిని, యాదృచ్ఛిక హద్దులను దానితోపాటే ప్రకటించాలి. వేసవిలో కాల్పులు పెరుగుతాయి కనుక ఒక నెలను ముందటి నెలతో కాకుండా గత ఏళ్ల అదే నెలతో పోల్చాలి. పోలీసు లెక్కను ఆసుపత్రుల, వైద్య పరీక్షాధికారి లెక్కలతో సరిచూడాలి.

మన పత్రికలకూ, పిల్లలను అమెరికా పంపే తల్లిదండ్రులకూ ఒక మనవి. చికాగో సురక్షితమా అని అడిగే ముందు ఏ పేట, ఏ వేళ, ఎన్నేళ్ల లెక్క అని అడగండి. ఒక్క ఏడాది అంకె చూసి భయపడవద్దు, ధైర్యపడవద్దు. వెస్ట్ గార్ఫీల్డ్ పార్క్ వంటి పేటల్లో తూటా దెబ్బ తినేవారి సంఖ్య ఏళ్ల తరబడి తగ్గినప్పుడే ఆ నగరంలో హింస తగ్గిందని చెప్పగలం.