పైజామాలో పరారైన జనరల్

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 సెప్టెంబరు 20 తెల్లవారుజామున నజరేతు ఊళ్లోకి ఇంగ్లీషువాళ్ల దండు గుర్రాలు దూసుకొచ్చేసరికి, తురుష్క సేనలను నడిపిస్తున్న జర్మన్ జనరల్ లిమన్ ఫన్ సాండర్స్ రాత్రి పైజామాతోనే పారిపోయాడని చెప్పుకుంటారు. నాకు నచ్చింది ఆ పైజామా. ఫారసీలో ‘పాయ్’ అంటే కాలు, ‘జామా’ అంటే బట్ట. మన దేశంలో నానిన ఆ మాటను ఇంగ్లీషువాళ్లు పట్టుకెళ్లి పడకబట్టలకు పెట్టుకున్నారు. అది తొడుక్కున్న జర్మనీవాణ్ణి తరిమిన దండులో మన దేశపు రౌతులూ ఉన్నారు!

ఎస్. రాయవరంలో ఈ కథ చెబితే అరుగు మీద పెద్దాయన, “మనోళ్లెవులైనా ఉన్నారేటి అందులోన?” అన్నాడు. ఉన్నారు. గురజాడ పుట్టిన ఊళ్లో అడగాల్సిన ప్రశ్నే.

ఆ దండులో హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల లాన్సర్లు ఒకే బ్రిగేడు. లాన్సర్లంటే ఈటెల రౌతులు. సెప్టెంబరు 23న హైఫా రేవు మీద దాడి. ఒక పక్క కార్మెల్ కొండ, దాని మీద ఫిరంగులు. ఇంకో పక్క కిషోన్ ఏరు, ఒడ్డున గుర్రం దిగబడే బురద. జోధ్‌పూరువాళ్లు ఏరు దాటబోయి, కుదరక, ఎడమకు మళ్లి, మరతుపాకుల ఎదురుగానే ఊళ్లోకి దూకారు. వాళ్ల మేజర్ దల్పత్ సింగ్ అక్కడే నేలకొరిగాడు. కొండ మీది ఫిరంగుల పని మైసూరువాళ్లు పట్టారు. ఈ దూకుడులో హైదరాబాదువాళ్ల వంతు లేదు. అందుకనే కాబోలు, మన కథల్లో వాళ్ల ఊసే రాలేదు. ఖైదీలను తోలుకెళ్లడం, వెనక కాపలా కాయడం కూడా యుద్ధమే అని మనకెందుకు తోచదో! రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందన్న సామెత మాత్రం మిగుల్చుకున్నాం.

యుద్ధం తర్వాతి సంగతి ఒక్క మాట: 1922లో ఢిల్లీలో లెనార్డ్ జెన్నింగ్స్ చెక్కిన మూడు కంచు సైనికులు నిలబడ్డారు. సంస్థానానికొకడు. తీన్ మూర్తి అన్న పేరు వాళ్లదే. నెహ్రూ ఉన్న భవనం ఆ పేరును వాళ్ల దగ్గర అరువు తెచ్చుకుంది. 2018లో ఆ కూడలి పేరుకు హైఫా కూడా చేరింది.

“ఇంతకీ ఆ పైజామాయన దొరికాడేటి?” అన్నాడు పెద్దాయన.

అప్పుడు దొరకలేదు. 1919లో మాల్టాలో ఇంగ్లీషువాళ్లే పట్టుకున్నారు. నిర్బంధంలో కూచుని టర్కీ రోజుల జ్ఞాపకాలు రాసుకున్నాడు.