నాలుగు కంఠములు

పండుగనాడు కొలువుదీరిన ప్రభువు నెదుట కవి నిలిచి స్తుతిపద్యము చదువుట మన నేలపై మిక్కిలి పురాతనమైన ఆచారము; కాని ప్రభువునకు బదులు దేశమే సంబోధ్యమై, కొలువుకూటమునకు బదులు నానాప్రాంతములనుండి వచ్చిన ప్రతినిధులు నిండిన మహాసభయే ఆస్థానమై, అచ్చట వయసు పాతికయేండ్లు మించని కవి తాను రచించిన గీతమును తన నోటనే వినిపించుట మన చరిత్రలోనికి చాల ఆలస్యముగా వచ్చిన వేడుక. ఈ రెండు ఆచారములకు నడుమనున్న దూరమును హైదరాబాదున పుట్టిన ఒక్క స్త్రీ తన కలముతో దాటినది. ఆమెను దేశము భారతకోకిల యని పిలుచుకొన్నది గాని, ఆ బిరుదపు మాధుర్యములో ఆమె చేసిన పని కొంత మరుగుపడిపోయినదని నా యభిప్రాయము.

సరోజిని 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులో జన్మించెను. తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయులు వంగదేశీయులు. పిమ్మట నిజాం కళాశాలగా వికసించిన విద్యాసంస్థకు మూలపురుషులు. 1883లో చాందా రైలుమార్గపు వ్యవహారమున సర్కారు నెదిరించి రాజ్యమునుండి వెడలగొట్టబడి, కొంతకాలమునకు మరల పిలువబడిన నిర్భీకులు. కూతురు పండ్రెండవ యేట మద్రాసు మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణురాలై, నిజాం ఇచ్చిన విద్యార్థివేతనముతో 1895లో ఇంగ్లండునకు పోయి, లండనులోని కింగ్స్ కళాశాలలోను, కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలోను చదివి, 1898లో తిరిగివచ్చి, డాక్టరు ముత్యాల గోవిందరాజులు నాయుడుగారిని వరించెను. మద్రాసులో జరిగిన ఆ వర్ణాంతర వివాహమును జరిపించినవారు కందుకూరి వీరేశలింగం పంతులుగారు. వంగదేశపు ఆడపడుచు తెలుగింటి కోడలైన ఆ దినము మన సంఘసంస్కార చరిత్రలో తలచుకొనదగినది.

లండనులో ఎడ్మండ్ గాస్ అను విమర్శకుడు ఆమె తొలిపద్యములను చూచి, ఆంగ్లదేశపు పక్షులను, పూవులను అనుకరించుట మాని తన దేశమును గురించి వ్రాయుమని హితవు చెప్పెను. ఆ హితవు ఫలించి 1905లో లండనునుండి వెలువడిన ‘ది గోల్డెన్ త్రెషోల్డ్’ అను సంపుటములో, పల్లకి మోయు బోయీల పాటతోను, కోరమాండల్ బెస్తవారి పాటతోను పాటు, హైదరాబాదు నిజామునకు రంజాను దర్బారులో సమర్పింపబడిన ఒక స్తోత్రగీతము కలదు. ఆనాటి నిజాము ఆరవవాడగు మహబూబ్ అలీఖాను. తండ్రిని ఒకప్పుడు బహిష్కరించినదియు, కూతురికి చదువు చెప్పించినదియు ఆ రాజ్యమే. కావున ఆ గీతములో కృతజ్ఞతయు, పుట్టినయూరిపై ప్రేమయు నిష్కపటముగానే ధ్వనించును. ఆ గీతమునందలి ఒక ఘట్టము మాత్రము ప్రత్యేకముగా పరిశీలింపదగినది. నిజాము ఛత్రచ్ఛాయలో బ్రదుకు ప్రజలను కవయిత్రి నాలుగు తెగలుగా పేర్కొన్నది: మహమ్మదీయులు, హిందువులు, సముద్రము దాటి ఇరానునుండి వచ్చిన పారశీకులు, క్రీస్తును కొలుచువారు. వీరు నలువురును అచ్చట ప్రభువు ఉదారతను ప్రకాశింపజేయు అలంకారములుగా నున్నారే గాని, ఒక్కరైనను నోరు విప్పరు. వారి పక్షమున కవయిత్రియే పలుకును.

ఆ సంపుటము అచ్చగుటకు పూర్వమే, 1904 డిసెంబరులో బొంబాయిలో సర్ హెన్రీ కాటన్ అధ్యక్షతను జరిగిన జాతీయ మహాసభలో, ఇరువదియైదేండ్ల సరోజిని భారతదేశమును సంబోధించి తాను రచించిన గీతమును పఠించెను. దేశమున కింకను తనదైన ప్రభుత్వము లేని, పతాకము లేని, జాతీయగీతము లేని ఆ దినములలో ఏటేట జరుగు ఆ మహాసభయే జాతికి ఉత్సవము. ఉపన్యాసములతోను, తీర్మానములతోను, అంకెలు నిండిన వినతులతోను బరువెక్కిన ఆ సభామందిరములో, నిద్రించుచున్న తల్లిని మేల్కొనుమని, ఆమెకు భవిష్యత్తు ఎదురుచూచుచున్నదని ఒక యువతి కంఠము పిలిచినప్పుడు, సభ్యులలో ఎందరికో తాము చేయుచున్న పని లెక్కలకును, అర్జీలకును మించినదని తొలిసారిగా తోచియుండును. అది ఆంగ్లభాషా గీతమే. ఆ భాష నెరిగినవారికే అది అందినదనుటయు సత్యమే. అయినను రాజును విడిచి దేశమును సంబోధించుటలోనే ఒక గొప్ప సాహసమున్నది.

కవికి ఇట్టి వేదికనిచ్చుట ఇతర దేశములలోను అరుదే. అమెరికాలో అధ్యక్షుని ప్రమాణస్వీకారమున కవితాపఠనము 1961లో గాని మొదలు కాలేదు. ఆనాడు ఎనుబదియారేండ్ల రాబర్ట్ ఫ్రాస్ట్, ఆ వేడుకకై క్రొత్తగా వ్రాసికొనివచ్చిన పద్యమును ఎండవెలుగు కన్నులలో పడి చదువలేక, తనకు కంఠస్థమైన పాతపద్యమునే వినిపించెను. 2021లో అదే వేదికపై ఇరువదిరెండేండ్ల అమాండా గోర్మన్ నిలిచినప్పుడు లోకమెల్ల ఆమె వయసును చూచి అచ్చెరువొందెను. వేదిక కొరకే వ్రాసిన పద్యము వేదికతోనే అంతరించుట సాధారణము. సరోజిని సభాగీతములును కావ్యశిల్పములో ఆమె పల్లకిపాటకు సరితూగవని ఒప్పుకొనక తప్పదు. కాని వానిలో ఒకదానితో నొకటి మాటాడు గుణము కలదు, అదియే వానికి ఆయువు పోసినది.

ఎట్లనిన, 1915లో మరల బొంబాయిలోనే, ఎస్. పి. సిన్హా అధ్యక్షతను కూడిన మహాసభలో ఆమె ‘అవేక్’ అను గీతమును పఠించెను. తరువాత 1917లో ‘ది బ్రోకెన్ వింగ్’ అను సంపుటములో అచ్చైనప్పుడు అది మహమ్మదాలీ జిన్నాకు అంకితమైయుండెను. హిందూ ముస్లిముల ఐక్యమునకు ఆయన దూతయని ఆమె విశ్వసించిన కాలమది. ఆ గీతపు చివరిభాగములో దర్బారునాటి నాలుగు తెగలే మరల కానవచ్చును: హిందువులు, పారశీకులు, మహమ్మదీయులు, క్రైస్తవులు. కాని ఈసారి వారు ప్రభువు పాదముల చెంత నిలిచిన మూగప్రజలు కారు. ఒక్కొక్కరు తమ కంఠముతో తామే తల్లిని పిలిచి, తమ కానుకను తామే ప్రకటించి, తుదకు అందరును ఒక్కగొంతై పలుకుదురు. పద్యములో ప్రజకు నోరు వచ్చినది! ఆ నాలుగు పేర్లను ఆమె రెండవసారి బుద్ధిపూర్వకముగానే ఎత్తుకొన్నదో, హైదరాబాదు బాల్యము ఆమెచేత అప్రయత్నముగా పలికించినదో గాని, ప్రజలు పౌరులైన కథ ఆ రెండు గీతముల నడుమ ఇమిడియున్నది.

అయితే ఆ గీతములలో వినబడని కంఠ మొకటి కలదు; అది అడవి కంఠము. బస్తరు సీమలో జగదల్పురమునుండి దర్భా కనుమ మీదుగా సుక్మా, కుంటలకును, అటనుండి భద్రాచల గోదావరికిని సాగు బాటలో తోంగ్‌పాల్ అను ఊరున్నది. చుట్టును ధుర్వులను ఆదివాసుల పల్లెలు. వారి భాష మన తెలుగువలెనే ద్రావిడశాఖకు చెందినది. ఆ సీమ నేలిన బస్తరు రాజవంశము తన మూలపురుషుడు ఓరుగల్లు కాకతీయ కుటుంబీకుడగు అన్నమదేవుడని చెప్పుకొనును. ‘ది గోల్డెన్ త్రెషోల్డ్’ వెలువడిన 1905లోనే, బస్తరు అడవులలో మూడింట రెండు వంతులను రక్షితారణ్యముగా ప్రకటించి, పోడు వ్యవసాయమును, వేటను, అటవీఫలసేకరణమును నిషేధింపవలెనని ఆంగ్లప్రభుత్వము సంకల్పించెను. ఆ నిర్బంధము తొలుత తాకినది కాంగేరు అడవులను, అందలి ధుర్వులను.

1910లో, అనగా సరోజిని తొలిపిలుపునకును మలిపిలుపునకును నడుమ, ఆ అడవులలో మరియొక మేలుకొలుపు సాగెను. మామిడికొమ్మ, మట్టిపెళ్ల, మిరపకాయలు, బాణములు: ఇవి ఊరినుండి ఊరికి చేతులు మారుచు పోయెను. సందేశమంతయు అదియే. నేతానారు గ్రామపు గుండాధూరు పేరు భూంకాల్ అనబడు ఆ తిరుగుబాటుతో పెనవేసికొన్నది. అంగళ్లు కొల్లబోయెను, ఠాణాలు తగులబడెను, దోచిన ధాన్యము బీదలకు పంచబడెను. ఫిబ్రవరినుండి మే వరకు మూడు మాసములు పెనగులాడినగాని ప్రభుత్వమునకు ఆ సీమ వశము కాలేదు. గుండాధూరు మాత్రము చిక్కనేలేదు. తుదకు రక్షింపదలచిన అడవి విస్తీర్ణమును సుమారు సగమునకు తగ్గించుకొనవలసివచ్చెను.

బొంబాయి సభలో చదివిన గీతము అచ్చునకెక్కి పాఠ్యగ్రంథములలో చేరినది. కాంగేరు అడవులలో తిరిగిన మామిడికొమ్మ ఏ కవితాసంకలనములోను చేరలేదు. దీనికి సరోజినిని నిందించుట న్యాయము కాదు. ఆమె తాను పెరిగిన నగరములో చూచిన మతములను, జాతులను హృదయమార పిలిచినది. సంచారజాతి కన్యపై కూడ ఆమె ఒక చక్కని పద్యము వ్రాసినది. కాని అది బాటప్రక్కనుండి చూచి వ్రాసిన పద్యము. మహాసభలో దేశము పేరిట పలుకువారి వరుసలో అడవికి చోటు దొరకలేదు. ఆ లోపము ఆమెది కంటె ఆ సభది, ఆ కాలపు విద్యావంతులందరిది.

‘ది బ్రోకెన్ వింగ్’ తరువాత ఆమె జీవించియుండగా మరియొక క్రొత్త సంపుటము వెలువడలేదు. సభలు ఆమె వాక్కును ఉపన్యాసమునకు మరల్చుకొన్నవి. 1925లో కాన్పూరు మహాసభకు ఆమెయే అధ్యక్షురాలయ్యెను. 1946 డిసెంబరు 11న రాజ్యాంగసభ రాజేంద్రప్రసాదును శాశ్వతాధ్యక్షునిగా ఎన్నుకొన్నప్పుడు అభినందించుచు ఆమె అచ్చట ప్రసంగించెను. ఎనిమిది దినములు గడచిన పిమ్మట, 19వ తేదీన, అదే సభలో ఛోటానాగపురమునుండి వచ్చిన జైపాల్‌సింగ్ ముండా లేచి, తాను అడవిబిడ్డనని సగర్వముగా చెప్పుకొని, వేలయేండ్లుగా ఈ నేలపైనున్న ఆదివాసుల పక్షమున రాజ్యాంగ లక్ష్యముల తీర్మానముపై మాటాడుట కారంభించెను.