‘అందింది’ అన్న మాట – బిలాస్‌పూర్ బ్లాకు గంట నుంచి వైర్‌లెస్ దాకా

సిగ్నల్స్ కోరులో పనిచేసినవారికి ‘తీవ్ర చౌకస్’ అన్న నినాదం గురించి చెప్పనక్కరలేదు. 1911 ఫిబ్రవరి 15న పుట్టిన మన కోరు పెట్టుకున్న మాట అది. వేగం, జాగ్రత్త. జబల్‌పూర్ ట్రైనింగులో ఈ రెండూ అక్కచెల్లెళ్లలా కనిపిస్తాయి. సెట్టు ముందు కూర్చున్నాక గాని అవి సవతులని తెలియదు. పంపిన మాట చేరిందో లేదో తెలియాలంటే అవతలినుంచి జవాబు రావాలి. జవాబు కోసం ఆగితే ఆలస్యం, ఆగకపోతే అనుమానం. ఈ చిక్కుకు మనుషులు నూరేళ్లకు పైగా చేసుకుంటూ వచ్చిన సర్దుబాట్లను నాకు తోచిన వరుసలో చెబుతాను. నా మటుకు నాకు ఈ చరిత్ర బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోనే మొదలైంది.

బిలాస్‌పూర్‌లో ఇన్ని తెలుగు ఇళ్లు ఉండటానికి కారణం పాత బెంగాల్ నాగపూర్ రైల్వే. 1887లో ఏర్పడిన ఆ కంపెనీ నాగపూర్ – అసన్సోల్ లైను మీద బిలాస్‌పూర్‌ను పెద్ద జంక్షను చేసింది. 1902లో కటక్ – విశాఖ లైను కూడా దాని చేతికే వచ్చింది. 1931లో రాయపూర్ – విజయనగరం లైను పూర్తయింది. ఇంకేముంది, శ్రీకాకుళం, విజయనగరం పల్లెలవాళ్లు రైల్వే కొలువులకి ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ చేరిపోయారు. 2003 ఏప్రిల్ 5న ఆగ్నేయ మధ్య రైల్వేకి బిలాస్‌పూరే కేంద్రమయ్యే నాటికి అక్కడ మూడో తరం తెలుగువాళ్లు ఉద్యోగాల్లో ఉన్నారు. మా నాన్నగారు ఆ చుట్టుపక్కల ఒక చిన్న స్టేషనులో అసిస్టెంటు స్టేషను మాస్టరు.

బ్లాకు గంట పద్ధతి రైల్వే కుటుంబాలవారికి తెలిసిందే, మిగతావారి కోసం చెబుతాను. ఒక గంట కొడితే ‘ఇటు చూడు’ అని. రెండు కొడితే ‘లైను ఖాళీయా?’ మూడు కొడితే ‘బండి బయలుదేరింది’. నాలుగు కొడితే ‘బండి చేరింది’. ఆరు కొడితే ప్రమాదం. అవతలి స్టేషను విన్నదాన్ని విన్నట్టే తిరిగి కొట్టాలి. మూడు కొడితే మూడే రావాలి. జవాబు రాలేదా, లైను ఖాళీ లేదనే లెక్క. బండి స్టార్టరు దగ్గర నిలబడిపోవలసిందే, డ్రైవరు ఎంత ఈల వేసినా సరే.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి నాలుగు గంటలది. ఇంజను స్టేషనులోకి వచ్చినంత మాత్రాన బండి వచ్చినట్టు కాదు. ఆఖరి బండి వెనుక ‘ఎల్.వి.’ బోర్డు, రాత్రయితే ఎర్రదీపం, కంటితో చూశాకే ఆ నాలుగు గంటలు. మధ్యలో లంకె తెగి నాలుగు వ్యాగన్లు వెనుక మిగిలిపోతే? తల చూసి ‘అందింది’ అంటే కొంప మునిగినట్టే. తోక దాకా చూడటానికి పట్టే ఆ రెండు నిమిషాలను రైల్వే మనస్ఫూర్తిగా ఖర్చు పెట్టింది.

టెలిఫోను వచ్చాక ఇంకో చిక్కు. నిద్రమత్తులో ‘హా, హా’ అనేవాడి మాటకు విలువేమిటి? అందుకు ప్రైవేటు నంబరు. ప్రతి స్టేషనుకూ వరుస లేని రెండంకెల నంబర్ల కాగితం ఉంటుంది. లైను క్లియరు ఇచ్చేవాడు అందులో తర్వాతి నంబరు చెప్పి కొట్టేయాలి, ఇద్దరూ రిజిస్టరులో రాసుకోవాలి. నోటి అలవాటుగా చెప్పే ‘సరే’ అక్కడ చెల్లదు. కాగితం తీసి చూస్తేనే జవాబు. గేటు దగ్గరి గేట్‌మ్యాన్‌తోనూ ఇదే పద్ధతి.

వైర్‌లెస్‌లోకి వచ్చాక చూస్తే మన ‘రోజర్’, ‘విల్కో’ కూడా ఆ ఇంటి పిల్లలే. రోజర్ అంటే విన్నాను, విల్కో అంటే విన్నాను, చేస్తాను. మామూలు కబురుకి రోజర్ చాలు. ఫిరంగులకిచ్చే ఫైర్ ఆర్డరును మాత్రం తిరిగి చదివి వినిపించాలి. అక్కడ ఒక్క అంకె పొరబడితే గుండు ఎక్కడ పడుతుందో ఈ పాఠకులకు నేను చెప్పాలా? తప్పు ఖరీదును బట్టి జవాబు పొడవు అన్నమాట.

నౌకాదళం వారి దారి వేరు. సముద్రంలో ఓడ ‘అందింది’ అని నోరు తెరిస్తే శత్రువుకు దాని జాడ దొరికిపోతుంది. కాబట్టి ఒడ్డు స్టేషను కబుర్లకు వరుస నంబర్లు వేసి ప్రసారం చేసేది, ముఖ్యమైనవి మళ్లీ పంపేది. ఓడలు మౌనంగా రాసుకునేవి. 41 తర్వాత 43 వస్తే 42 పోయిందని వాళ్లకే తెలుస్తుంది. స్టేషనులో మౌనం ‘వద్దు’ అని చెబితే, ఇక్కడ మౌనమే రక్షణ.

యంత్రం చేత ‘మళ్లీ చెప్పు’ అనిపించినవాడు నెదర్లాండ్స్ ఇంజనీరు వాన్ డ్యూరెన్, 1940ల్లో. షార్ట్‌వేవ్ మీద టెలిగ్రాఫ్ అక్షరాలు చెడిపోతుంటే, ఒక్కో అక్షరాన్ని ఏడు స్పందనలుగా చేసి, అందులో ఒక రకానివి సరిగ్గా మూడే ఉండాలన్నాడు. లెక్క తప్పితే అక్షరం చెడిందన్నమాట, వెంటనే యంత్రమే తిరిగి పంపమని అడుగుతుంది. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం ‘అలోహా’ రేడియో వలను నడిపింది. దీవుల్లోని టెర్మినళ్లు ఇష్టం వచ్చినప్పుడు పంపవచ్చు. జవాబు రాకపోతే ఎవరికి వారు కొంచెం సేపు, అదీ ఎంతసేపని ముందుగా అనుకోకుండా, ఆగి మళ్లీ పంపాలి. అందరూ ఒకేసారి ఎగబడితే చానెల్ శక్తిలో నూటికి 18 వంతులకు మించి పని జరగదని లెక్క తేలింది.

మీ జేబులోని 4జీ ఫోను సంగతి చూడండి. ఒక ముక్క అందిన 4 మిల్లీసెకన్లకు అది ఔనో కాదో చెబుతుంది. కాదంటే మొదట పంపిన 8 మిల్లీసెకన్లకే తిరిగి రావచ్చు. టవరుకు దూరంగా ఉంటే ఆ ఔను, కాదు అన్న చిన్న జవాబే దారిలో చెడుతుంది. దాన్నే రెండు మూడుసార్లు పంపితే పదిలం, కాని అంతసేపూ ఆలస్యం. నాలుగు జవాబులను కలిపి ఒక్కటిగా పంపితే పొదుపు, కాని ఒక్కటి చెడినా నాలుగూ మళ్లీ పంపాలి.

పైగా రెండు పొరబాట్లూ సమానం కావు. ‘ఔను’ను ‘కాదు’గా వింటే ఒకసారి అనవసరంగా పంపుతాం, అంతే. ‘కాదు’ను ‘ఔను’గా వింటే ఆ ముక్క పోయినట్టే. అందుకే రూపకర్తలు మొదటిదాన్ని నూటికి ఒకసారి దాకా సహించినా, రెండోదాన్ని వెయ్యికి ఒకటి దాటనివ్వకూడదని చూస్తారు. ఇంజనీర్లు దీన్ని పెద్ద గణితంతో రాస్తారు గాని, లైను ఖాళీ అయినా బండి ఆపడం వేరు, ఖాళీ కాకుండా వదలడం వేరు అని మా నాన్నగారి తరానికి గణితం లేకుండానే తెలుసు.

ఇప్పుడు రైలే వైర్‌లెస్‌తో మాట్లాడుతోంది. కవచ్ పద్ధతిలో ఇంజనుకూ స్టేషనుకూ మధ్య రేడియో కబుర్లు నడుస్తాయి, డ్రైవరు ఆపకపోతే బ్రేకు తానే పడుతుంది. ప్యాసింజరు బండ్లపై దీని తొలి పరీక్షలు 2016లో మన దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగాయి. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజనులో గుల్లగూడ – చిట్‌గిద్ద మధ్య ఎదురెదురుగా ఇంజన్లను నడిపి చూస్తే, ఒకటి రెండోదానికి 380 మీటర్ల దూరంలో తనంతట తానే ఆగింది.

2025 నవంబరు 4న గేవ్రా రోడ్ నుంచి వస్తున్న మెము ప్యాసింజరు బిలాస్‌పూర్ దగ్గర ఆగి ఉన్న గూడ్సును వెనుకనుంచి ఢీకొంది. పలువురు పోయారు. ఆ రోజు సాయంత్రం కాలనీలోని మావాళ్లకు వరుసగా ఫోన్లు చేశాను. మొదట కాసేపు ఎవరి లైనూ కలవలేదు.