ఫిజిక్సు చదువు: అప్పు ఎవరి లెక్కలో?

1942 అక్టోబరులో డాక్టర్ అంబేద్కర్ వైస్రాయి లిన్‌లిత్‌గోకు ఒక విజ్ఞాపన పత్రం ఇచ్చారు. షెడ్యూల్డు కులాల విద్యార్థుల సైన్సు, టెక్నాలజీ చదువులకు ఈ దేశంలో ఏటా 2 లక్షల రూపాయలు, అవే చదువులకు విదేశాలు వెళ్ళేవాళ్ళకు ఏటా 1 లక్ష కేటాయించమని అందులో అడిగారు. ఆర్ట్సు, లా చదువులతో మనవాళ్ళకు పెద్దగా ఒరిగేదేమీ లేదు, ఒరిగేది సైన్సుతోనే, కానీ దాని ఖర్చు మన తాహతుకు మించింది అని ఆయన వాదన. తాను చదివింది ఆర్థికశాస్త్రం, లా. అయినా ఈ మాట అన్నారు! రిజర్వేషన్ల గురించి ఆయన రాసింది చదివినంత శ్రద్ధగా ఈ కాగితాన్ని మనం చదవలేదు.

ఆయన అడిగింది గ్రాంటు, అప్పు కాదు. 1944లో మొదలైన పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు కూడా గ్రాంటుగానే మొదలైంది. ఈ తేడా ఎందుకు ముఖ్యమో చూడాలి. ఫిజిక్సు డిగ్రీ చేస్తే జీతం ఎంతొస్తుంది, చదువుకు చేసిన అప్పు ఎన్నేళ్ళకు తీరుతుంది అని ఇప్పుడు లెక్కలు వేస్తున్నారు. ఆ లెక్క రెండు విషయాలను అడక్కుండానే ఒప్పేసుకుంటుంది. అప్పు చదివేవాడొక్కడిదే అనేది ఒకటి. పట్టా చేతికొస్తే అందరికీ ఒకేలాగ జీతంగా మారుతుందనేది రెండోది.

రెండోదాన్ని అంబేద్కర్ జీవితమే కొట్టిపారేసింది. 1913లో బరోడా సంస్థానం ఆయనకు నెలకు పదకొండున్నర పౌన్ల స్కాలర్‌షిప్పు ఇచ్చి కొలంబియా పంపింది. బదులుగా పదేళ్ళు సంస్థానంలో ఉద్యోగం చేస్తానని ఒప్పందం రాయించుకుంది. ఒకరకంగా అదీ అప్పే, సేవతో తీర్చే అప్పు. 1917లో తీర్చడానికే బరోడా వెళ్ళారు. ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో కులం దాచి దిగితే కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. ఉద్యోగం వదిలి బొంబాయి రావలసివచ్చింది. చదువు ఉంది, ఉద్యోగం ఉంది, అప్పు తీర్చాలన్న మనసూ ఉంది. కులం తీర్చనివ్వలేదు. ఇచ్చిన డబ్బు మాత్రం సంస్థానం తర్వాత తిరిగి అడిగింది. 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో నెలకు 450 రూపాయల ప్రొఫెసరు ఉద్యోగం దొరికింది. అది అప్పట్లో పెద్ద జీతమే. అయినా 1920లో లండన్ చదువు పూర్తిచేయడానికి పోయేటప్పుడు కూడబెట్టిన జీతం చాల్లేదు. స్నేహితుడు నవల్ భాతేనా దగ్గర 5,000 అప్పు చేశారు.

ఇక మొదటిదానికి, అంటే అప్పు ఎవరిది అన్నదానికి, మేఘనాథ్ సాహా కథ చూద్దాం. సాహాలు అంటరానివాళ్ళు కాదు. ఆ తేడా చెరపటం మనకు మంచిది కాదు. కానీ బెంగాల్లో పైకులాలు వాళ్ళచేతి నీళ్ళు తాగేవి కావు. 1893లో ఢాకా దగ్గర శెవ్‌రాతలి ఊళ్ళో చిన్న కిరాణా కొట్టు నడిపే ఇంట్లో పుట్టాడు. ఊరి బడి దాటాక చదవాలంటే పది కిలోమీటర్ల అవతల ఒక డాక్టరుగారింట్లో ఉండాల్సివచ్చింది. తన కంచం తాను కడుక్కోవాలి, ఆవును చూసుకోవాలి, అదీ షరతు. ఢాకాలో చదివేప్పుడు జనపనార కంపెనీలో నెలకు 20 రూపాయల జీతగాడైన అన్న జయనాథ్ అందులోంచి 5 రూపాయలు పంపేవాడు. అంటే నాలుగోవంతు. వైశ్య సమితి 2 రూపాయలిచ్చేది. గవర్నరు రాకకు నిరసన తెలిపాడని స్కూల్లో స్కాలర్‌షిప్పు పోయింది. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీ హాస్టల్లో బ్రాహ్మణ విద్యార్థులు తమతో కూచుని తిననివ్వలేదు.

ఆ 5 రూపాయలు ఏ అప్పు పుస్తకంలోనూ ఉండవు. మెట్రిక్ గట్టెక్కని అన్న తమ్ముడి చదువులో తన బతుకును పెట్టుబడి పెట్టాడు. మా ఇళ్ళల్లో కూడా అంతే. అన్న కూలికిపోతాడు, చెల్లి బడి మానుకుంటుంది, అమ్మ పుస్తె తాకట్టుపోతుంది. దీనికి వడ్డీ ఎంతో బ్యాంకు మేనేజరు చెప్పలేడు. జీతం వచ్చిన మొదటి నెల నుంచి మాత్రం అందరం కడుతూనే ఉంటాం.

సాహా చదివింది గణితం. అసలు ఆయన చూపు ప్రభుత్వ ఫైనాన్సు సర్వీసు మీద ఉండేది. ఇంటికి తొందరగా డబ్బు పంపాలంటే అదే దారి. విప్లవకారులతో సంబంధం ఉందని పరీక్షకు కూచోనివ్వలేదు. పొద్దున, సాయంత్రం సైకిలు మీద ట్యూషన్లు చెప్పుకుంటూ 1916లో యూనివర్సిటీ సైన్సు కాలేజీలో లెక్చరరయ్యి ఫిజిక్సులోకి వచ్చాడు. 1920లో నక్షత్రాల వర్ణపటాన్ని వివరించిన అయనీకరణ సమీకరణం ప్రకటించాడు. గుమాస్తాగిరీ తలుపు మూసుకోకపోతే ఆ సమీకరణం ఆయన పేరున ఉండేదా? ఇది మెచ్చుకోవాల్సిన కథ కాదు, భయపడాల్సిన కథ. తలుపు మూసుకోక లోపలికి పోయినవాళ్ళు ఎంతమందో!

ఫిజిక్సు ఆలస్యంగా పండే పంట. డిగ్రీ మూడేళ్ళు, పీజీ రెండేళ్ళు, ఆపైన పరిశోధన. ప్రభుత్వానికి ఇది తెలియదా అంటే, ఒకప్పుడు తెలుసు. 1963లో పెట్టిన జాతీయ రుణ స్కాలర్‌షిప్పుకి వడ్డీ లేదు. పైగా టీచరైతే ఏటా పదోవంతు అప్పు కొట్టేసేవాళ్ళు. 2001 తర్వాత వచ్చిన బ్యాంకు విద్యారుణం వేరే జాతి. చదువైన ఏడాదికే వాయిదాలు మొదలవుతాయి. 2009లో కేంద్రం తెచ్చిన వడ్డీ రాయితీ పథకమూ వృత్తి, సాంకేతిక కోర్సులకే. ఇంజినీరింగు పిల్లకు రాయితీ, బీయస్సీ ఫిజిక్సు పిల్లకు లేదు. అంబేద్కర్ సైన్సు, టెక్నాలజీ అని రెండు మాటలు కలిపి అడిగారు. రాజ్యం రెండోదాన్నే ఉంచుకుంది.

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంటు విస్తరించాక మన పిల్లలు వేలల్లో ఇంజినీరింగుకి పోయారు. తప్పేంకాదు, నాలుగేళ్ళకు జీతం వస్తుందని నమ్మి పోయారు. కానీ ప్రభుత్వం బకాయి పడితే కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుతున్నాయి. ప్రభుత్వం కాలేజీకి పడ్డ అప్పుకు తాకట్టు పిల్ల పట్టా అన్నమాట. 2023 నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000. మా ఊరి లెక్కలో అది మంచి జీతమే. అయితే దాన్ని అందుకోవాలంటే ముందు అయిదేళ్ళు ఎవరో ఒకరు ఇంట్లో చదువు మానేసి ఉండాలి. ఆ మానేసినవాళ్ళ పేర్లు, వయసులు, వాళ్ళు వదులుకున్న తరగతులు ఊరూరా రాసి పెట్టే పని ఇంకా మొదలు కాలేదు.