కళ్ళ మధ్య కొలత

కళ్ళజోడు వాడేవాళ్ళు ఒకసారి మీ చీటీ తీసి చూడండి. సైటు అంకెల కింద ఓ మూల "పి.డి." అని ఇంకో అంకె కూడా ఉంటుంది. రెండు కనుపాపల మధ్య దూరం అది, మిల్లీమీటర్లలో. నాది 59, మా వారిది 65. కళ్ళజోడు షాపు వాళ్ళకి తప్ప ఆ అంకెతో ఎవరికీ పని ఉండదు. మొన్న దసరా సెలవుల్లో మా ఇంట్లో పని పడింది.

మా ఆడపడుచు కొడుకు ఇంజనీరింగ్ మూడో ఏడు. తన ఇంటర్న్‌షిప్ డబ్బులతో వీఆర్ హెడ్‌సెట్ ఒకటి కొనుక్కుని పండక్కి మా ఇంటికి తెచ్చాడు. ముఖానికి డబ్బాలా కట్టుకుంటే ఎదురుగా వేరే లోకం కనిపిస్తుందే, అది. సోఫా వెనక్కి జరిపించి, టీపాయ్ మీది గాజు సామానంతా నా చేత వంటింట్లో పెట్టించి, వాడూ మా అబ్బాయీ వంతులు వేసుకుని ఆడారు. ఎగిరొచ్చే డబ్బాల్ని కత్తులతో నరకడం ఆట. బయట నుంచి చూసేవాళ్ళకి దోమలు తోలుతున్నట్టు ఉంటుంది.

తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి వంతు వచ్చింది. ఐదు నిమిషాలు తిరక్కుండానే తీసేసి సింకు దగ్గరికి పరిగెత్తింది. "ఆడపిల్లలకి ఇది పడదత్తా, మా క్లాసులోనూ అంతే" అన్నాడు మేనల్లుడు, పాపం జాలిగానే. అది కూడా ముఖం కడుక్కొచ్చి "నాకొద్దులే, వాళ్ళనే ఆడుకోనీ" అంది. వాడి మాటకంటే దీని మాటే నాకు గుచ్చుకుంది. లెక్కల్లో ఒక్క మార్కు తగ్గితే టీచరుతో వాదించే పిల్ల, ఇంత తొందరగా "వద్దులే" అనడమేమిటి?

నేను పెట్టుకు చూశాను. ముందుగా జడ క్లిప్పు తీయాల్సి వచ్చింది. వెనక పట్టీ సరిగ్గా అక్కడే కూర్చుంటుంది! లోపల అక్షరాలు రెండేసిగా కనిపించాయి. కళ్ళని ఎవరో చెరోవైపుకి లాగుతున్నట్టుంది. మూడు నిమిషాలకి నుదురంతా చెమట. తీసి తిరగేసి చూస్తే కింద చిన్న చక్రం కనబడింది. "అదా అత్తా, కళ్ళ దూరానికి. కొన్నరోజే సెట్ చేసుకున్నా" అన్నాడు. అది 67 దగ్గర ఉంది, వాడి కళ్ళకి. చీటీలు తీసి నాకు 59 దగ్గర పెడితే అక్షరాలు ముత్యాల్లా కుదిరాయి. అమ్మాయిది 57, అంత కిందకి చక్రం తిరగదు. ఉన్నంతలో చివరికంటా జరిపితే ఆటలో పాతిక నిమిషాలు ఉంది. అన్నానికి మూడుసార్లు పిలవాల్సొచ్చింది.

అయితే రోలర్ కోస్టర్ పెట్టినప్పుడు మాత్రం ఇద్దరికీ కడుపులో తిప్పింది. దాని కారణం వేరు. కళ్ళు "కదులుతున్నాం" అంటాయి, లోపలి చెవి "కూర్చునే ఉన్నాం" అంటుంది. ఘాట్ రోడ్డు మీద బస్సులో పుస్తకం చదివితే ఇదే, అటుదిటు. దానికి ఏ చక్రమూ లేదు.

ఆ రాత్రి వంటిల్లు సర్దేశాక ఈ కొలత సంగతి వెతుకుతూ కూర్చుంటే, కథ 1838 దాకా పోయింది.

చెయ్యి చాచి తాళంచెవి ఒకటి పట్టుకుని ఒక్కో కన్నూ మార్చి మార్చి మూయండి. తాళంచెవి పక్కకి గెంతుతుంది కదా. రెండు కళ్ళకీ రెండు బొమ్మలు అందుతాయి. ఆ చిన్న తేడా నుంచే మెదడు లోతు తెలుసుకుంటుంది. దీన్ని బల్ల మీద చేసి చూపించింది ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టన్. రెండు అద్దాలు ఏటవాలుగా నిలబెట్టి, అటో బొమ్మా ఇటో బొమ్మా పెట్టి, 1838లో రాయల్ సొసైటీకి వివరించాడు. దానికి స్టీరియోస్కోప్ అని పేరు పెట్టిందీ ఆయనే. ఫోటోగ్రఫీ సంగతి ఇంకా లోకానికి తెలియదు, అందుకని గీసిన బొమ్మలే. అంటే ఫోటో సంగతి లోకానికి తెలిసేలోపే త్రీడీ పుట్టేసింది!

తర్వాత డేవిడ్ బ్రూస్టర్ అద్దాల బదులు కటకాలు పెట్టి చేతిలో ఇమిడే పెట్టె చేశాడు. 1851లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో విక్టోరియా రాణి అది చూసి ముచ్చటపడింది. ఆ మాట పాకాక ఇంటింటా ఆ పెట్టె కావాల్సి వచ్చింది. అమెరికాలో ఆలివర్ వెండెల్ హోమ్స్ అనే డాక్టరు 1861లో దాన్ని ఇంకా తేలిక చేశాడు. కింద పిడి, ముందు ఓ పుల్ల, దాని మీద జరిగే కార్డు. ఎవరి కంటికి ఎక్కడ కుదిరితే అక్కడ ఆపుకోవచ్చు. పైగా ఆయన పేటెంటు తీసుకోలేదు, ఎవరైనా చేసుకోండన్నాడు. ఈ కథ మొత్తంలో నాకు బాగా నచ్చిన మనిషి ఈయనే. ఆ బొమ్మలు ముందుగదిలో ఆడవాళ్ళూ పిల్లలూ సాయంత్రాలు వంతులవారీగా చూసుకునే వస్తువు. ఇది ఆడవాళ్ళకి పడదని అప్పుడు ఎవరూ అనుకున్నట్టు లేదు.

మన తరానికి తెలిసింది వ్యూమాస్టర్. 1939లో అమెరికాలో వచ్చింది. గుండ్రటి అట్ట మీద 14 చిన్న బొమ్మలు, రెండేసి కలిసి 7 దృశ్యాలు. ఆ తర్వాత 'చిన్నారి చేతన' గుర్తుందా? 1984లో మలయాళంలో వచ్చిన 'మై డియర్ కుట్టిచ్చాతన్'కి తెలుగు రూపం. కళ్ళజోళ్ళు పెట్టుకుని, తెర లోంచి వచ్చే వస్తువుని పట్టుకోవడానికి థియేటర్లో చేతులు చాచిన వాళ్ళం కదూ మనమంతా!

తల తిప్పితే దృశ్యం కూడా తిరగడం మాత్రం 1968 నాటి మాట. అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ తలకి రెండు బుల్లి తెరలు కట్టి, తల ఎటు తిరిగిందో తెలుసుకునే లోహపు కడ్డీని పైకప్పు నుంచి వేలాడదీశాడు. అంతా చేస్తే కనిపించింది గీతలతో గీసిన ఓ పెట్టె. అయినా ఆ పెట్టె చుట్టూ తిరిగి చూడొచ్చు.

1995 దగ్గర కాసేపు ఆగాలి. ఆ ఏడు నింటెండో కంపెనీ 'వర్చువల్ బాయ్' అని ఆటల యంత్రం తెచ్చింది. ఎరుపూ నలుపూ తప్ప వేరే రంగు లేదు. తలనొప్పి అన్నారు, మెడనొప్పి అన్నారు, కొద్ది నెలల్లోనే ఆపేశారు. చిత్రమేమిటంటే కళ్ళ దూరం సర్దుకునే చక్రం దానికి ఉంది. అదే ఏడు కెనడాలో చార్ డేవీస్ అనే చిత్రకారిణి 'ఆస్మోస్' అని ఓ వీఆర్ లోకం చేసింది. అందులో చేతికి ఏ మీటా ఉండదు. ఛాతీకి ఓ పట్టీ కడతారు. ఊపిరి పీలిస్తే పైకి తేలతారు, వదిలితే కిందికి దిగుతారు, ఒరిగిన వైపుకి పోతారు. చుట్టూ చెట్లు, ఆకులు, నీళ్ళు. ఆవిడ నీటి అడుగున ఈదే మనిషి, అక్కడ నేర్చుకున్న ఊపిరినే ఇక్కడ వాడింది. నరకడానికి డబ్బాలు లేని వీఆర్ ముప్పయ్యేళ్ళ కిందటే ఉందన్నమాట. అది బజారుకి రాలేదు, మ్యూజియానికి వెళ్ళింది.

బజారుకి వచ్చిన కథ 2012లో మొదలు. పామర్ లకీ అనే కుర్రాడు 'రిఫ్ట్' కోసం జనాన్ని రెండున్నర లక్షల డాలర్లు అడిగితే 24 లక్షలకి పైగా వచ్చాయి. 2014లో ఆ కంపెనీని ఫేస్‌బుక్ 200 కోట్ల డాలర్లకి కొనేసింది. అదే ఏడు డానా బోయిడ్ అనే పరిశోధకురాలు, ఈ వస్తువు ఆడవాళ్ళ పట్ల పక్షపాతం చూపిస్తోందా అని వ్యాసం రాసింది. చదువుకునే రోజుల్లో వీఆర్ గదిలోకి వెళ్ళి వికారపడిన అనుభవం తనది. 2017లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు 18 మంది ఆడవాళ్ళకీ 18 మంది మగవాళ్ళకీ రిఫ్ట్‌లో ఓ ఆట ఆడించి చూస్తే, 14 మంది ఆడవాళ్ళకి తిప్పింది, మగవాళ్ళలో ఆరుగురికే. మా మేనల్లుడు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఎందుకో ఎవరూ వాడికి చెప్పలేదంతే.

ఎందుకన్నది 2020లో కే స్టానీ, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి చూశారు. వాళ్ళకి ప్రధానంగా దొరికిన కారణం ఈ పి.డి.యే. కటకాలు కళ్ళకి సరిగ్గా కుదిరిన ఆడవాళ్ళకి వికారం మగవాళ్ళతో సమానంగానే ఉంది. అమెరికా సైన్యం తన మనుషుల కొలతలు తీసుకుంటే మగవాళ్ళ సగటు 64, ఆడవాళ్ళది 61.7 వచ్చింది. రెండు మిల్లీమీటర్ల తేడా ఏపాటిది అనిపిస్తుంది గానీ, అది సగటు. నాలాంటి వాళ్ళు ఇంకా కిందే ఉంటారు. రవిక కుట్టించుకునే వాళ్ళకి అరంగుళం సంగతి వేరే చెప్పాలా?

2019లో వచ్చిన రిఫ్ట్ ఎస్‌లో కటకాలు జరిపే వీలే తీసేశారు. అప్పటికి కంపెనీ వదిలేసిన పామర్ లకీ, అది తనకే పనికిరాదని రాశాడు. ఆయనది దాదాపు 70 మిల్లీమీటర్లట. ఆడవాళ్ళు ఏళ్ళుగా చెబుతున్న మాట, కంపెనీ పెట్టిన మగవాడి కళ్ళకి తగిలేసరికి పెద్ద వార్త అయింది! తర్వాత 2020లో క్వెస్ట్ 2లో 58, 63, 68 అని మూడు మెట్లు పెట్టారు. 2024లో అమ్మకానికి వచ్చిన యాపిల్ విజన్ ప్రోలో మోటార్లే కళ్ళని చూసుకుని 51 నుంచి 75 దాకా వాటంతట అవే సర్దుకుంటాయి. దాని వెల 3,499 డాలర్లు, మన డబ్బుల్లో దగ్గర దగ్గర మూడు లక్షలు.

అంత అక్కర్లేదు. మీ ఇంటికి ఎవరైనా ఈ డబ్బా తెస్తే అది ఏ అంకె నుంచి ఏ అంకె దాకా తిరుగుతుందో అడగండి. చీటీలో పి.డి. రాసి లేకపోతే కళ్ళజోడు షాపులో ఒక్క నిమిషంలో కొలిచి చెబుతారు, మాకు డబ్బులు కూడా తీసుకోలేదు. ఆ జడ క్లిప్పు మాత్రం ముందే తీసేయండి.