అంతగా తెలియని పజిల్ ఆటకు విజ్ఞాన సర్వస్వంలో చోటు: ఆధారాలను ఎక్కడ వెతకాలి?

సారాంశం

ఒక పజిల్ వీడియో గేమ్‌పై వికీపీడియాలో వ్యాసం ఉండాలా వద్దా అన్నది దాని ఆదరణను బట్టి గాని, నాణ్యతను బట్టి గాని తేలదు. దాని గురించి సంబంధం లేని ఇతరులు ఏం రాశారన్నదాన్ని బట్టి తేలుతుంది. ఈ సూత్రం సరైనదే. అయితే పజిల్ ఆటల విషయంలో ఆధారాలను ఆటల పత్రికల్లోనే వెతికి ఆగిపోతే తీర్పు తప్పుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1. ప్రస్తావన

అచ్చు విజ్ఞాన సర్వస్వాలకు పుటలే హద్దు. కొమర్రాజు లక్ష్మణరావు ఎంతో శ్రమకోర్చి వెలువరించిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలూ ‘అ’తో మొదలయ్యే విషయాలకే సరిపోయాయి. 2001లో మొదలైన వికీపీడియాకు పుటల కొరత లేదు. కొరత ఉన్నది సరిచూడగల సమాచారానికి, దాన్ని సరిచూసే మనుషుల సమయానికి. అందుకే ఏ విషయానికి చోటివ్వాలన్న ప్రశ్న అక్కడ ఆధారాల ప్రశ్నగా మారింది. ఏటా కుప్పలుగా వెలువడే చిన్న ఆటల విషయంలో ఈ ప్రశ్న మరింత పదునుగా ఎదురవుతుంది.

2. ప్రమాణం ఏం అడుగుతుంది

ఇంగ్లీషు వికీపీడియా సాధారణ ప్రాముఖ్యత ప్రమాణంలో మూడు షరతులు ముఖ్యమైనవి. విషయాన్ని నేరుగా, వివరంగా చర్చించిన రచనలు ఉండాలి. అవి నమ్మదగిన ప్రచురణలై ఉండాలి. ఆట తయారుచేసినవారితో వాటికి సంబంధం ఉండకూడదు. ఇన్ని మూలాలు కావాలన్న లెక్క లేదు గాని ఒకటికి మించి ఉండాలని ఆశిస్తారు. ఒకే సంస్థ వేసిన నాలుగు వార్తలను సాధారణంగా ఒకే మూలంగా చూస్తారు. వ్యాసాన్ని ఉంచాలా వద్దా అని జరిపే తొలగింపు చర్చ మామూలుగా ఏడు రోజులు నడుస్తుంది. చివరికి ఓట్ల లెక్క కాక, వాదనల బలం నిర్ణయిస్తుంది.

చర్చల్లో తరచూ మరుగున పడే నియమం మరొకటి ఉంది. వ్యాసంలో మూలాలు ఇచ్చారా లేదా అన్నది కాదు, మూలాలు ఎక్కడైనా ఉన్నాయా అన్నదే చూడాలి. అంటే తొలగించమనే ముందు వెతకడం చర్చలో పాల్గొనేవారి బాధ్యత.

3. సోకోబాన్: ఆటల పత్రికల వెలుపలి ఆధారాలు

గోదాములో పెట్టెలను నెట్టి గుర్తు పెట్టిన గళ్లలో చేర్చే ఆట సోకోబాన్. జపాన్‌లో హిరోయుకి ఇమబయాషి రూపొందించగా, ఆయన సంస్థ థింకింగ్ రాబిట్ 1982లో విడుదల చేసింది. పెట్టెను నెట్టగలం గాని లాగలేం. ఒక్క పెట్టె గుర్తు లేని మూలలో ఇరుక్కుంటే లెవెల్ మళ్లీ మొదలుపెట్టాల్సిందే. నియమాలు ఇంతే. కథ లేదు, ఆర్భాటం లేదు. సమీక్షకుడు నాలుగు వాక్యాల్లో ముగించగల ఆట ఇది.

ఆటల పత్రికలకు నాలుగు వాక్యాలు చాలిన ఈ ఆట కంప్యూటర్ శాస్త్రానికి మాత్రం ఏళ్ల తరబడి పనిపెట్టింది. 1997లో జోసెఫ్ కల్బర్సన్ సోకోబాన్ ‘పీస్పేస్-సంపూర్ణ’ సమస్య అని నిరూపించారు. స్థూలంగా చెప్పాలంటే, లెవెల్ పెరిగే కొద్దీ పరిష్కారం ఉందో లేదో తేల్చడం కంప్యూటర్‌కు కూడా విపరీతంగా కష్టమయ్యే కోవలోకి ఇది వస్తుంది. అల్బెర్టా విశ్వవిద్యాలయంలో ఆండ్రియాస్ యుంగ్‌హాన్స్, జొనాథన్ షేఫర్ తయారుచేసిన ‘రోలింగ్ స్టోన్’ ప్రోగ్రామ్ 90 లెవెళ్ల ప్రామాణిక సముదాయంలో సగానికి పైగా ఛేదించింది. 2017లో డీప్‌మైండ్ సంస్థ పరిశోధకులు ముందుచూపుతో ఆలోచించే కృత్రిమ మేధను పరీక్షించడానికి ఇదే ఆటను ఎంచుకున్నారు.

ఈ పరిశోధనలన్నిటికీ ఒకే విలువ కట్టకూడదు. కల్బర్సన్ పరిశోధన విషయమే సోకోబాన్ కాబట్టి అది నేరైన, వివరమైన చర్చ. డీప్‌మైండ్ పత్రంలో ఆట ఒక పరీక్షా సాధనం. ప్రాముఖ్యతకు సాక్ష్యంగా దాని బరువు తక్కువ. ఆట పేరు కనిపించడం వేరు, ఆట గురించి చెప్పడం వేరు. ఈ తేడా పాటిస్తూనే, గణిత, కంప్యూటర్ శాస్త్ర పత్రికలు పజిల్ ఆటలకు సహజమైన సాక్ష్యస్థానాలని గుర్తించాలి. మైన్‌స్వీపర్‌పై రిచర్డ్ కే 2000లో ప్రకటించిన గణిత ఫలితం ఇందుకు మరో ఉదాహరణ.

4. త్రీస్, 2048: సొంత మాట, పరుల మాట

2014 ఫిబ్రవరిలో ఆషర్ వోల్మర్, గ్రెగ్ వోల్వెండ్‌ల ‘త్రీస్’ వచ్చింది. మరుసటి నెలలోనే ఇటలీ యువకుడు గాబ్రియేలే చిరుల్లి వారాంతంలో రాసిన ‘2048’ వెలువడి దాన్ని మించి వ్యాపించింది. అప్పుడు త్రీస్ రూపకర్తలు తమ ఆట ఎలా రూపుదిద్దుకుందో చూపే ఈమెయిళ్లను బయటపెట్టారు. ఆట చరిత్రకు అవి అమూల్యమైన ప్రాథమిక మూలాలు. కానీ అవి సొంత మాటలు. వాటి బలంతో ప్రాముఖ్యత స్థిరపడదు. త్రీస్‌కు వ్యాసం దక్కేది విమర్శకులు, పాత్రికేయులు విడిగా రాసినదాని వల్ల.

2048ను అనుకరించిన లెక్కలేనన్ని ఆటల సంగతీ ఇక్కడే తేలుతుంది. మూల ఆటకున్న ప్రాముఖ్యత అనుకరణకు వారసత్వంగా రాదు. అలాంటివాటికి మూల ఆట వ్యాసంలో ఒక వాక్యం చాలు.

5. డ్రాడ్: అభిమానుల జ్ఞానం

1996లో ఎరిక్ హెర్మాన్సన్ రూపొందించిన ‘డెడ్లీ రూమ్స్ ఆఫ్ డెత్’ను అభిమానులు డ్రాడ్ అంటారు. మనం ఒక అడుగు వేస్తే రాక్షసులూ తమ నియమం ప్రకారం ఒక అడుగు వేస్తారు. అదృష్టానికి తావు లేదు. ఆటగాళ్లు సొంతంగా గదులు నిర్మించుకుంటూ, వాటిని విశ్లేషించుకుంటూ ఈ ఆటను దశాబ్దాల పాటు బతికించారు. ఆ విశ్లేషణ లోతు వృత్తి సమీక్షల్లో దొరకడం అరుదు. అయినా స్వయంప్రచురిత రచన కాబట్టి ప్రాముఖ్యత లెక్కలోకి రాదు. ఇది నిజమైన నష్టమే. కానీ సంపాదకుడు లేని రచనను ప్రమాణంగా తీసుకుంటే, నిజాయితీ గల అభిమానికీ ముసుగేసుకున్న ప్రచారకుడికీ తేడా చెప్పే దారి పాఠకుడికి ఉండదు. అభిమానుల జ్ఞానాన్ని మూలాల జాడ చూపే దారిగా వాడుకోవచ్చు, మూలంగా కాదు.

6. తీర్పుకు ఒక క్రమం

పై పరిశీలనల నుంచి ఒక క్రమాన్ని సూచించవచ్చు. మొదట ఆట పుట్టిన దేశపు భాషలో, ఆ కాలపు అచ్చు పత్రికల్లో వెతకాలి. 1980ల నాటి పత్రికలు చాలావరకు సెర్చ్ ఇంజన్లకు చిక్కవు కాబట్టి, ఫలితాలు రాకపోవడం ఆధారాలు లేవనడానికి రుజువు కాదు. తర్వాత పరిశోధన పత్రికలు, ఆటల రూపకల్పనపై పుస్తకాలు చూడాలి. దొరికిన ప్రతి రచనలో ఆట గురించి ఎంత చెప్పారో, చెప్పినవారు ఎవరో తూచాలి. అప్పటికీ చాలకపోతే తొలగింపు కంటే ముందు విలీనాన్ని పరిశీలించాలి. రూపకర్త వ్యాసంలోనో ఆ కోవ ఆటల వ్యాసంలోనో రెండు వాక్యాలు చేర్చి, పాత పేరును అక్కడికి దారిమార్పు చేయవచ్చు.

2003లో మొదలైన తెలుగు వికీపీడియాకూ ఈ క్రమం పనికొస్తుంది. ఏ భాషా వికీ నియమాలు ఆ భాషా వికీవే అయినా, మూలాలు వ్యాసం భాషలోనే ఉండాలన్న నిర్బంధం లేదు. జపనీస్, ఇంగ్లీషు మూలాలతో సోకోబాన్‌పై తెలుగులో చక్కని వ్యాసం రాయవచ్చు. మరోవైపు మన ఊళ్లలో తయారైన ఆటకు, రూపకర్త ప్రకటనను యథాతథంగా వేసిన వార్తలు ఎన్ని ఉన్నా సరిపోవు.

7. ముగింపు

ప్రమాణాన్ని సడలించడం చిన్న ఆటలకు మేలు చేయదు; ఆధారం లేని వ్యాసాన్ని ఎవరూ నమ్మరు. వాటికి మేలు చేసేది విస్తృతమైన అన్వేషణ, దానికి మించి కొత్త రచన. ఒక పజిల్ ఆట విలువైనదని నమ్మే విమర్శకుడు దాని గురించి సంపాదకులున్న పత్రికలో వివరంగా రాయాలి. ప్రాముఖ్యతకు గడువు లేదు. నేడు చాలినన్ని మూలాలు లేని ఆటకు రేపు ఒక మంచి విమర్శ, ఒక పరిశోధన తోడైతే ప్రశ్నను మళ్లీ తెరవవచ్చు. ఆ రచన చేయవలసింది విజ్ఞాన సర్వస్వం కాదు, ఆటలను శ్రద్ధగా చదివే మనమే.