ఫుప్పూ హిస్సా

మా ఇబ్రహీంపట్నానికి ఆ పేరు గోల్కొండ సుల్తాన్ ఇబ్రహీం కులీ కుతుబ్ షా (1550-1580) నుంచి వచ్చింది. బాద్షాల తారీఖ్ కితాబుల్లో దొరుకుతుంది. మన ఇళ్ల తారీఖ్ మాత్రం బుజుర్గుల నోట వినాల్సిందే.

మా దాదా ఇంట్లో పెద్ద సహన్, చుట్టూ దాలాన్, ఒకటే చూల్హా. ముగ్గురు కొడుకులు, కోడళ్లు, పిల్లలు అందరికీ ఒకే దస్తర్‌ఖాన్. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత బేవాగా తిరిగొచ్చిన దాదా చెల్లెలికీ, ఆమె యతీం పిల్లలకూ అక్కడే జాగా దొరికింది. ఆమె మైకాలో తన హిస్సా ఎప్పుడూ అడగలేదు. ఆ రోజుల్లో రివాజ్ అదే: బహెన్ హక్ మాఫ్ చేయాలి, కష్టమొస్తే మైకా దర్వాజా తెరిచి ఉండాలి.

దాదా ఇంతెకాల్ తర్వాత ఎనిమిది ఎకరాలూ పెద్దబ్బా చేతిలోనే ఉన్నాయి. సూరా నిసా 11, 12 ఆయత్‌ల లెక్కన దాదీకి ఒక ఎకరం, ముగ్గురు కొడుకులకు రెండేసి, ఫుప్పూకి ఒకటి. ఫుప్పూ కూడా నోరు విప్పలేదు.

1973 తర్వాత అరబ్ దేశాల్లో తేల్ డబ్బు పెరిగింది. మన మగవాళ్లు సౌదీ, దుబాయ్ బాట పట్టారు. మా చాచా కూడా జెద్దా వెళ్లాడు. రియాళ్లతో విడిగా గదులు లేచాయి, తర్వాత వేరే చూల్హా. బ్యాంకు, స్కూలు, దవాఖానా అన్నీ చాచీయే చూసుకునేది. చివరికి సహన్ మధ్యలో గోడ వచ్చింది.

హైదరాబాద్ పెరిగి సాగర్ రోడ్డు పొడవునా ప్లాట్లు పడ్డాక మా భూమికీ బేరం వచ్చింది. కొనేవాడు వారసులందరి దస్తఖత్ కావాలన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది ఫుప్పూ! కాగితాలు పట్టుకుని వెళ్లింది నేనే.

ఆమె ఒకటే అడిగింది: "బేటా, హిస్సా మాఫ్ చేస్తా. రేపు నాకేమైనా అయితే ఏ దాలాన్‌లో పడుకోవాలె?"

నా దగ్గర జవాబ్ లేదు. సంతకం లేకుండానే తిరిగొచ్చాను.

ఉహుద్ జంగ్‌లో షహీద్ అయిన సఅద్ బిన్ రబీ (రజి) ఆస్తినంతా ఆయన భాయి తీసుకుంటే, బేవా తన ఇద్దరు కూతుళ్లతో ప్రవక్త (స) దగ్గరికి వచ్చి షికాయత్ చేసింది. విరాసత్ ఆయత్ దిగింది ఆ మౌకా మీదే అని రివాయత్. అబ్బాకి ఇదే గుర్తు చేశాను. దాదీ కూడా పోయారు కాబట్టి ఆమె ఎకరంలోనూ ఫుప్పూకి ఏడో వంతు ఉందని రాసి చూపించాను. అబ్బా చాలాసేపు ఖామోష్‌గా ఉన్నారు. తర్వాత, "ముందు ఆమెది ఆమెకిద్దాం" అన్నారు. భాయిలిద్దరినీ ఒప్పించడానికి ఆరు నెలలు పట్టింది.

మన పాత ఇత్తెఫాక్ వెనుక బహెన్‌ల మాఫీ ఉంది. ఇళ్లు విడిపోయాయి, దాలాన్ పోయింది. ఇంకా మాఫీ అడగడం ఏ ఇన్సాఫ్? మీ ఇంట్లో ఫుప్పూ హిస్సా ఎక్కడుందో ఒకసారి పూఛ్ చేయండి.